లినక్స్ మింట్ కంప్యూటర్‌కు యాంటీవైరస్ ఏది ఎంచుకోవాలి? వచ్చేపోయే పెన్‌డ్రైవ్‌ల సంగతి ఏమిటి?

ప్రశ్న
రాసినవారు: నెట్‌సెంటర్_పల్నాడు

అందరికీ నమస్కారం. పల్నాడు జిల్లాలోని ఒక మండల కేంద్రంలో పన్నెండేళ్లుగా జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. నా దగ్గర ఉన్న మూడు కంప్యూటర్లలో రెండు పాతవి కావడం వల్ల, వాటిలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేక విండోస్ 11 ఎక్కలేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసిపోవడంతో ఆ రెండింటిలోనూ విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22 వేసుకున్నాను. అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేయాల్సి ఉంటుంది కాబట్టి మూడోదానిలో మాత్రం విండోస్ ఉంచాను. మింట్ వేసిన కంప్యూటర్లు రెండూ 4 జీబీ ర్యామ్‌తో, పాత హార్డ్ డిస్క్‌లతోనే నడుస్తున్నాయి. అడంగల్, 1బి ప్రింట్లు, ఆధార్ కాపీలు, పరీక్షల దరఖాస్తులు, బయోడేటాలు వంటి రోజువారీ పనికి ఏ ఇబ్బందీ లేదు.

అయితే ఈ మధ్య జరిగిన ఒక సంఘటన నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఈఏపీసెట్ దరఖాస్తు కోసం పెన్‌డ్రైవ్ తెచ్చింది. దాన్ని మింట్‌లో తెరిస్తే ఆమె ఫోల్డర్ల పేర్లతోనే షార్ట్‌కట్ ఫైళ్లు కనిపించాయి. ఒక్కొక్కటి 2 కేబీ కూడా లేదు. వాటి పక్కన పేరే లేని ఒక ఫోల్డర్, చివర్లో వీబీఎస్ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఒక చిన్న ఫైల్ ఉన్నాయి. పేరు లేని ఆ ఫోల్డర్‌లోకి వెళ్తే ఆమె మార్కుల జాబితాలు, ఫొటో, సంతకం స్కాన్ అన్నీ భద్రంగా ఉన్నాయి. కావలసినవి ప్రింట్ తీసి, నింపిన దరఖాస్తు పీడీఎఫ్‌ను అదే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేశాను. రెండు రోజుల తర్వాత ఆమె తండ్రి వచ్చి, ఆ పెన్‌డ్రైవ్‌ను కళాశాల ల్యాబ్‌లో పెట్టగానే అక్కడి కంప్యూటర్లలోనూ షార్ట్‌కట్లు పుట్టుకొచ్చాయని, వైరస్ మా సెంటర్ నుంచే వచ్చిందని ల్యాబ్ చూసేవారు అందరి ముందు ఆ అమ్మాయిని మందలించారని చెప్పారు. ఆ వైరస్ నా దగ్గర పుట్టలేదు. కానీ దాన్ని కళ్లారా చూసి కూడా గుర్తించలేకపోయానే అన్న బాధ నాకు మిగిలింది.

నేను అడగదలచినవి ఇవి. లినక్స్‌కు వైరస్‌లు రావని చాలామంది అంటారు, అది ఎంతవరకు నిజం? ఇటువంటి పెన్‌డ్రైవ్‌లను పట్టుకునే యాంటీవైరస్ మింట్‌కు ఉందా? ఏడాదికి వెయ్యి రూపాయల వరకు పెట్టగలను. 4 జీబీ ర్యామ్‌తో నడిచేది అయితే చాలు.


సమాధానం 1
రాసినవారు: కోడ్_తెనాలి

నమస్కారమండీ. మీరు అడిగినదానిలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. మీ మింట్ కంప్యూటర్‌ను కాపాడుకోవడం ఒకటి, మీ చేతుల మీదుగా వెళ్లే ఫైళ్ల వల్ల ఇతరుల విండోస్ కంప్యూటర్లు చెడిపోకుండా చూడడం మరొకటి. మీకు ఎదురైన సంఘటన పూర్తిగా రెండోదానికి చెందినది.

మీరు చూసినది విండోస్‌లో ఏళ్లుగా తిరుగుతున్న షార్ట్‌కట్ వైరస్. అసలు ఫైళ్లను కనిపించని ఫోల్డర్‌లోకి నెట్టి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెట్టి, ఎవరైనా వాటిని నొక్కగానే ఆ వీబీఎస్ స్క్రిప్ట్‌ను నడిపించడం దాని పద్ధతి. విండోస్‌లో ఆ ఫోల్డర్‌కు 'హిడెన్' అనే గుర్తు ఉంటుంది కాబట్టి అది కనిపించదు. లినక్స్ ఆ గుర్తును పట్టించుకోదు కాబట్టే మీకు అసలు ఫోల్డర్, నకిలీ షార్ట్‌కట్లు పక్కపక్కనే కనిపించాయి. ఆ స్క్రిప్ట్‌ను నడిపే విండోస్ భాగం మింట్‌లో లేనందున మీ కంప్యూటర్‌కు ఏమీ కాలేదు. అయితే తనకు జబ్బు సోకకపోయినా దాన్ని మోసుకెళ్లే వాహకంగా మాత్రం మీ కంప్యూటర్ మారగలదు, మారింది కూడా.

ఇక ఎంపిక విషయానికి వస్తే, ఇంట్లోనో చిన్న దుకాణంలోనో లినక్స్ వాడేవారి కోసం సంస్థలు అమ్మే యాంటీవైరస్‌లు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోయాయి. ఈసెట్ సంస్థ లినక్స్ డెస్క్‌టాప్ కోసం అమ్మిన నోడ్32ను 2022లో ఆపేసింది. సోఫోస్ ఒకప్పుడు ఉచితంగా ఇచ్చిన లినక్స్ యాంటీవైరస్ కూడా ఇప్పుడు లేదు. మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌కు లినక్స్ రూపం ఉన్న మాట నిజమే గానీ, అది సర్వర్లు నడిపే సంస్థల కోసం ఉద్దేశించినది. పాత వెబ్ పేజీల్లో కనిపించే 'ఉత్తమ పది లినక్స్ యాంటీవైరస్‌లు' వంటి జాబితాల్లో కొన్ని పేర్లకు ఇప్పుడు సిగ్నేచర్లు (వైరస్‌లను గుర్తుపట్టే ఆనవాళ్లు) అందించేవారే లేరు కాబట్టి, వాటిని చూసి దేన్నీ ఇన్‌స్టాల్ చేయకండి. మీ వెయ్యి రూపాయలు దాచుకుని, ఒక బయటి హార్డ్ డిస్క్ కొనుక్కోవడానికి కలుపుకోండి.

మీకు సరిపోయేది క్లామ్ఏవీ. ఇది 2002లో మొదలైన ఓపెన్‌సోర్స్ యాంటీవైరస్. 2013 నుంచి సిస్కో సంస్థ ఆధ్వర్యంలో నడుస్తోంది. మెయిల్ సర్వర్ల గుండా వెళ్లే జోడింపుల్లో వైరస్‌లను పట్టుకోవడమే దీని ప్రధానమైన పని. అంటే ఇతరుల కోసం ఫైళ్లను వడపోయడంలోనే ఇది ఆరితేరింది, మీ అవసరమూ అదే. మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతుంది. దీనికి కిటికీ రూపం ఇచ్చే క్లామ్‌టీకే అనే ప్రోగ్రామ్‌ను దాని రచయిత కొనసాగించడం మానేశారు కాబట్టి, కాస్త శ్రమ అనిపించినా టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే తెరలో) వాడడమే అలవాటు చేసుకోవాలని నా సలహా.

ఇన్‌స్టాల్ చేసిన వెంటనే చాలామంది ఒక చోట చిక్కుకుంటారు. సిగ్నేచర్లను తెచ్చే ఫ్రెష్‌క్లామ్‌ను చేత్తో నడిపితే, లాగ్ ఫైల్ లాక్ అయి ఉందంటూ ఎర్రర్ వస్తుంది. అది లోపం కాదు. అదే ఫ్రెష్‌క్లామ్ అప్పటికే నేపథ్యంలో సేవగా నడుస్తూ తనంతట తానే సిగ్నేచర్లు తెచ్చుకుంటోందని దాని అర్థం.

స్కాన్ చేయడానికి రెండు దారులున్నాయి. క్లామ్‌స్కాన్ అనేది పిలిచిన ప్రతిసారీ సిగ్నేచర్లన్నింటినీ డిస్క్ నుంచి మొదటి నుంచీ చదువుకుంటుంది కాబట్టి, పెన్‌డ్రైవ్‌లో రెండే ఫైళ్లున్నా పాత హార్డ్ డిస్క్‌పై చాలాసేపు ఆగాల్సి వస్తుంది. క్లామ్‌డీ అనే సేవ మాత్రం ఒక్కసారి చదివి మెమరీలో ఉంచుకుంటుంది. దాన్ని క్లామ్‌డీస్కాన్‌తో పిలిస్తే పని క్షణాల్లో అయిపోతుంది, కానీ అందుకు ఒక జీబీకి పైగా ర్యామ్ ఎప్పుడూ దాని చేతిలోనే ఉంటుంది. పైగా సిగ్నేచర్లు మారినప్పుడు పాతవాటిని ఉంచుకునే కొత్తవాటిని ఎక్కించుకోవడం దీని సహజ పద్ధతి కాబట్టి, ఆ కాసేపు మెమరీ వాడకం దాదాపు రెట్టింపు అవుతుంది. క్లామ్‌డీ సెట్టింగుల ఫైల్‌లో 'కంకరెంట్ డేటాబేస్ రీలోడ్' అనే వరుసను 'నో' అని మారిస్తే ఈ భారం తప్పుతుంది. రెండు కంప్యూటర్లలోనూ వద్దు. ఒకదానిలో మాత్రమే క్లామ్‌డీ పెట్టి, పెన్‌డ్రైవ్‌లన్నీ ముందుగా అక్కడే పెట్టించండి.

ఇంకొక్క మాట. క్లామ్‌డీ తన సొంత యూజర్ పేరుతో నడుస్తుంది కాబట్టి, మీ పేరున తెరుచుకున్న (మౌంట్ అయిన) పెన్‌డ్రైవ్‌ను చదివే అనుమతి లేదని చెప్పి ఆగిపోతుంది. క్లామ్‌డీస్కాన్‌కు 'ఎఫ్‌డీపాస్' అనే ఐచ్ఛికం జోడిస్తే, ఫైల్‌ను మీరే తెరిచి దాని చేతికి అందించినట్టు అవుతుంది, సమస్య తీరిపోతుంది. ఇది తెలియక నేనే ఒక రోజంతా పోగొట్టుకున్నాను.

అన్నీ సరిగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఐకార్ పరీక్షా ఫైల్ వాడండి. అది ఎటువంటి హానీ చేయని 68 అక్షరాల వరుస మాత్రమే. యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గా చూపాలన్నది ఒక ఒప్పందం. దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి స్కాన్ చేస్తే పట్టుబడాలి.


సమాధానం 2
రాసినవారు: సర్వర్_గది

పై సమాధానంలో క్లామ్ఏవీ గురించి చెప్పినదంతా సరైనదే. కానీ మొదటి ప్రశ్న వెనకబడిపోయిందని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా లినక్స్ సర్వర్ల నిర్వహణలో ఉన్నాను. 'లినక్స్‌కు ఏమీ రాదు' అన్న ధీమాయే అన్నింటికంటే పెద్ద ప్రమాదమని అనుభవం మీద చెబుతున్నాను.

మన దేశంలోనే జరిగిన ఉదాహరణ చూడండి. ప్రభుత్వ కార్యాలయాల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్‌ను గురిపెట్టి, భద్రతా పరిశోధకులు ఏపీటీ36 లేదా ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్ అని పిలిచే ముఠా చేసిన దాడులు 2025లో బయటపడ్డాయి. మెయిల్‌లో వచ్చే జిప్‌లో పీడీఎఫ్‌లా కనిపించే ఒక ఫైల్ ఉండేది. నిజానికి అది 'డెస్క్‌టాప్' అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న లాంచర్ ఫైల్. మన మెనూలో ఫైర్‌ఫాక్స్ బొమ్మ నొక్కితే ఏ కమాండ్ నడవాలో రాసి ఉంచే ఫైళ్లు కూడా ఇదే రకానివి. దాన్ని నొక్కగానే కంటికి ఒక పీడీఎఫ్ తెరుచుకునేది, వెనక మాత్రం హానికర ప్రోగ్రామ్ దిగుమతి అయ్యేది. మీరు చూసిన విండోస్ షార్ట్‌కట్‌కు ఇది లినక్స్ రూపం అనుకోండి. ఇటువంటి ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే 'ఎగ్జెక్' అని మొదలయ్యే వరుస ఒకటి ఉంటుంది. అది చదివితే చాలు, ఆ ఫైల్ ఏం చేయబోతోందో తెలిసిపోతుంది. మీ దగ్గరకు వచ్చే పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ బొమ్మతో ఉన్న ఫైల్ ఏదైనా అనుమానంగా కనిపిస్తే, రెండుసార్లు నొక్కే ముందు కుడి మీట నొక్కి దాని రకం చూడడం అలవాటు చేసుకోండి.

పాత సంఘటనలూ ఉన్నాయి. 2009లో గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్ అలంకరణల వెబ్‌సైట్‌లో జలపాతం స్క్రీన్‌సేవర్ పేరుతో పెట్టిన డెబ్ ప్యాకేజీలో (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్‌లో) హానికర స్క్రిప్ట్ దొరికింది. 2018లో లినక్స్ ప్రోగ్రామ్‌లు దొరికే స్నాప్ స్టోర్‌లోని ఒక ఆటలో వాడుకరి కంప్యూటర్‌పై రహస్యంగా క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రామ్ బయటపడింది. మీరు వాడుతున్న మింట్‌కే 2016 ఫిబ్రవరి 20న ఒక దెబ్బ తగిలింది. దాని వెబ్‌సైట్‌లోకి చొరబడినవారు 17.3 సినమన్ ఐఎస్ఓ (మింట్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్) లింకును, దొడ్డిదారి అమర్చిన మరో ఐఎస్ఓ వైపు మళ్లించారు. ఆ రోజు ఐఎస్ఓ దించుకున్నవారిలో చెక్‌సమ్ (ఫైల్ మారలేదని నిర్ధారించే విలువ) సరిచూసుకున్నవారికి తేడా తెలిసింది, మిగిలినవారు చెడిపోయిన సిస్టమ్‌నే ఇన్‌స్టాల్ చేసుకున్నారు. కాబట్టి రేపు కొత్త మింట్ వేసేటప్పుడు ఎస్‌హెచ్ఏ256 అనే చెక్‌సమ్ విలువను, దాని డిజిటల్ సంతకాన్ని సరిచూడడం మానకండి.

ఈ ఉదాహరణలు భయపెట్టడానికి చెప్పడం లేదు. వీటిలో వేటినీ మొదటి రోజునే యాంటీవైరస్ ఆపుతుందని ఆశించలేం. సిగ్నేచర్ అంటే ఒకసారి పట్టుబడినదాని గుర్తు కదా. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్‌లో బయటపడిన దొడ్డిదారి సంగతి తీసుకోండి. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాక్కున్న ఆ కోడ్‌ను ఏ స్కానరూ పట్టుకోలేదు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మరో కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ పట్టుకున్నారు. అది స్థిరమైన విడుదలలకు చేరకముందే బయటపడింది కాబట్టి మీ మింట్‌కు దాని వల్ల ముప్పు లేదు.

అందువల్ల మీ కంప్యూటర్లకు కావలసిన అసలు రక్షణ వేరే చోట ఉంది. అప్‌డేట్ మేనేజర్ చూపే భద్రతా అప్‌డేట్లను వాయిదా వేయకండి. 2022 జనవరిలో బయటపడిన ప్వన్‌కిట్ లోపం సాధారణ వాడుకరికి ఏకంగా రూట్ అధికారం (కంప్యూటర్‌పై పూర్తి అధికారం) ఇచ్చేసేది. అప్‌డేట్ చేసుకున్నవారికి అది అంతటితో ముగిసింది. సాఫ్ట్‌వేర్‌ను మింట్ రెపాజిటరీల (దాని అధికారిక సాఫ్ట్‌వేర్ నిల్వల) నుంచే తీసుకోండి. ఏదో వెబ్ పేజీ చెప్పిన కమాండ్‌ను అర్థం తెలియకుండా సుడోతో (పూర్తి అధికారంతో) నడపకండి. జీయూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ మింట్‌లో ముందే ఉంటుంది గానీ ఆపివేసి ఉంటుంది, ఒక్క మీట నొక్కి ఆన్ చేయండి.

మీ సెంటర్‌కు వీటన్నింటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. జనం తమ బ్యాంకు ఖాతాలు, మెయిళ్లు మీ కంప్యూటర్లలోనే తెరుస్తారు. మీరు పనిచేసే ఖాతాలో వారిని కూర్చోబెట్టకండి. లాగిన్ విండో సెట్టింగులలో అతిథి సెషన్‌ను అనుమతించే వీలుంది. వారు లాగౌట్ చేయగానే దించుకున్న ఫైళ్లు, బ్రౌజర్‌లో మిగిలిన పాస్‌వర్డ్‌లు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఒక మనిషి ఆధార్ పీడీఎఫ్ మరొకరికి కనబడడం కూడా వైరస్ అంత నష్టమేనని నేను నమ్ముతాను.


ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: నెట్‌సెంటర్_పల్నాడు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆదివారం సెంటర్ మూసి అన్నీ చేసి చూశాను. లాగ్ ఫైల్ ఎర్రర్ మీరు చెప్పినట్టే వచ్చింది, ముందే తెలిసి ఉండడం వల్ల కంగారు పడలేదు. క్లామ్‌స్కాన్‌తో ఒక పెన్‌డ్రైవ్‌కు నలభై సెకన్లకు పైగా పట్టింది. క్లామ్‌డీస్కాన్‌తో నాలుగైదు సెకన్లలో అయిపోయింది. ఐకార్ ఫైల్ పట్టుబడింది. ఆ అమ్మాయి తండ్రిని పిలిచి పెన్‌డ్రైవ్ మళ్లీ తెప్పించి స్కాన్ చేస్తే, వీబీఎస్ ఫైల్‌ను, షార్ట్‌కట్లన్నింటినీ వైరస్‌గా చూపింది.

అయితే ఉత్సాహంలో, దాగి ఉన్న చొరబాటు ప్రోగ్రామ్‌లను వెతికే ఆర్‌కేహంటర్, సీహెచ్‌కేరూట్‌కిట్ కూడా వేశాను. మొదటిది ఎల్‌డబ్ల్యూపీ-రిక్వెస్ట్ అనే కమాండ్ స్థానంలో స్క్రిప్ట్ ఉందని హెచ్చరించింది. రెండోది నెట్‌వర్క్‌మేనేజర్‌ను ప్యాకెట్ స్నిఫర్ (నెట్‌వర్క్ రాకపోకలను చాటుగా వినేది) అంటోంది. నా కంప్యూటర్‌లోకి నిజంగానే ఎవరైనా చొరబడ్డారా? మరో సందేహం. అను ఫాంట్ల ప్రోగ్రామ్‌ను, విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే వైన్ ద్వారా మింట్‌లోనే నడిపితే విండోస్ కంప్యూటర్‌తో అవసరమే ఉండదని ఒక మిత్రుడు అంటున్నాడు. అది క్షేమమేనా?


సమాధానం 3
రాసినవారు: మింట్_వాడుకరి_విశాఖ

కంగారు పడకండి. మీరు రాసిన రెండు హెచ్చరికలూ ఉబుంటు, డెబియన్ కుటుంబంలో ఎంతోమందికి వచ్చేవే. ఎల్‌డబ్ల్యూపీ-రిక్వెస్ట్ అనేది మొదటి నుంచీ పెర్ల్ స్క్రిప్టే. ఆర్‌కేహంటర్ దాన్ని మార్చబడిన ప్రోగ్రామ్‌గా పొరబడుతుంది. నెట్‌వర్క్‌మేనేజర్ ఐపీ చిరునామా కోసం నెట్‌వర్క్ ప్యాకెట్లను నేరుగా వింటుంది కాబట్టి సీహెచ్‌కేరూట్‌కిట్ దాన్ని స్నిఫర్ అంటుంది. శుభ్రమైన సిస్టమ్ ఎలా ఉంటుందో ముందే నమోదు చేసుకుని, తర్వాతి మార్పులను పోల్చి చూసే సర్వర్ నిర్వాహకులకు ఇవి ఉపయోగపడతాయి. మీ పనికి అవసరం లేదు, తీసేయవచ్చు.

వైన్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. వైన్ ఉన్న మింట్ విండోస్ ప్రోగ్రామ్‌లను నడపగలదు కాబట్టి, విండోస్ వైరస్‌లను కూడా కొంతమేరకు నడపగలదు. వైన్ సహజంగానే మీ ఫైల్ వ్యవస్థ మొత్తాన్ని 'జెడ్' డ్రైవ్‌గా చూపుతుంది. అంటే అందులో నడిచే ప్రోగ్రామ్ ఏదైనా, మీరు రాయగలిగిన ప్రతి ఫైల్‌నూ తానూ రాయగలదు. ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌కు రూట్ అధికారం అక్కరలేదు, మీ హోమ్ ఫోల్డర్ చాలు. ఖాతాదారుల పెన్‌డ్రైవ్‌లు పెట్టే కంప్యూటర్‌లో వైన్ వద్దే వద్దు. అను పనికి విండోస్ కంప్యూటర్‌ను విడిగా ఉంచడమే మేలు. మింట్‌లో వడపోసిన ఫైళ్లే అక్కడికి వెళ్లేలా చూసుకోండి.

స్కాన్ ఫలితాలను చదవడంలో కొన్ని మెళకువలు ఉన్నాయి. క్లామ్ఏవీకి ఒక పరిమాణ పరిమితి ఉంటుంది. అది దాటిన పెద్ద ఫైళ్లను పరీక్షించకుండా వదిలేసి కూడా ఎదురుగా 'ఓకే' అనే చూపగలదు. పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌ల లోపలికి చూడలేదు. అందువల్ల 'ఓకే' అంటే తనకు తెలిసిన చెడు ఏదీ కనబడలేదని మాత్రమే అనుకోండి. అలాగే దొరికినదాన్ని తనంతట తానే తొలగించే ఐచ్ఛికాన్ని ఎప్పుడూ వాడకండి. పెన్‌డ్రైవ్ మీది కాదు, అప్పుడప్పుడు మంచి ఫైల్‌ను కూడా వైరస్ అనే పొరపాటు జరుగుతుంది. వేరే ఫోల్డర్‌లోకి తరలించే ఐచ్ఛికం ఉంది, అది వాడి ఖాతాదారుకు చూపించి, వారు సరేనన్న తర్వాతే తుడిచివేయండి.

అనుమానం తీరక వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో ఫైల్‌ను ఎక్కించాలనిపించవచ్చు. అది గూగుల్ చేతిలో ఉన్న మంచి సేవే, ఎన్నో యాంటీవైరస్‌ల తీర్పు ఒకేచోట చూపుతుంది. కానీ అక్కడ ఎక్కించిన ఫైళ్లు దాని భాగస్వామ్య సంస్థలకూ అందుతాయి. ఒకరి ఆధార్ కాపీనో, భూమి పత్రాలనో అలా బయటకు పంపే హక్కు మనకు లేదు. ఫైల్‌ను పంపకుండా దాని ఎస్‌హెచ్ఏ256 విలువను మాత్రమే ఆ సైట్‌లో వెతికితే, అది ఇంతకు ముందు ఎక్కడైనా పట్టుబడిందో లేదో తెలుస్తుంది.

చివరిగా బ్యాకప్. మింట్‌తో వచ్చే టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్లను మాత్రమే దాచిపెడుతుంది, హోమ్ ఫోల్డర్‌ను సహజంగా వదిలేస్తుంది. అది ఉంది కదా అని ధీమాగా ఉండి, డిస్క్ పాడైన రోజున ఐదేళ్ల ఫొటోలు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. మీ వెయ్యి రూపాయలు బయటి డిస్క్ వైపు మళ్లించమన్న కోడ్_తెనాలి గారి మాట అందుకే నాకు బాగా నచ్చింది. అయితే ఆ డిస్క్‌ను వారానికోసారి కలిపి, పని కాగానే విడదీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ కలిపే ఉంచిన డిస్క్ రాన్సమ్‌వేర్‌కు కూడా అందుబాటులోనే ఉంటుంది.


ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: నెట్‌సెంటర్_పల్నాడు

ఆర్‌కేహంటర్, సీహెచ్‌కేరూట్‌కిట్ తీసేశాను. వైన్ ఆలోచన మానుకున్నాను. రోడ్డు వైపు ఉన్న కంప్యూటర్‌ను పెన్‌డ్రైవ్‌ల తనిఖీకే కేటాయించి, రెండోదానిలో అతిథి సెషన్ ఆన్ చేశాను. ఆ అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో పేరు లేని ఫోల్డర్ నుంచి ఫైళ్లన్నీ బయటకు తీసి, షార్ట్‌కట్లను, స్క్రిప్ట్‌ను తండ్రి ఎదుటే తుడిచి, మళ్లీ స్కాన్ చేసి ఇచ్చాను. ల్యాబ్ చూసేవారికి ఇవ్వడానికి, వైరస్ పేరు, అది విండోస్‌లో ఎలా వ్యాపిస్తుందో వివరిస్తూ ఒక కాగితం రాసి ఆయన చేతికిచ్చాను. ఆ ల్యాబ్ కంప్యూటర్లు ఇంకా శుభ్రం కాలేదని విన్నాను. వారు ఒప్పుకుంటే, సెలవు రోజున వెళ్లి అక్కడి పెన్‌డ్రైవ్‌లను నేనే స్కాన్ చేసి ఇస్తానని ఆ కాగితం కిందనే రాశాను.